మా మడిమెల కరెంటు

తన కరెంటు తానే పుట్టించుకునే గడియారమట. ఇంగ్లీషుల సెల్ఫ్ పవర్డ్ అంటరు. గుట్టలెక్కేటోళ్ల కోసం. చార్జరు అక్కర లేదట, బ్యాటరీ మార్చే పని లేదట, ఎంత దూరం నడిచినా నువ్వెక్కడున్నవో చెప్తదట. మా కాలేజీ పోస్టరు మీద పెద్ద అక్షరాలతోటి రాసిండ్రు: బయటి శక్తి సున్న. నేనడుగుతున్న, ఈ 'సెల్ఫ్' ఎవరు? ఈ 'తానే' అనేది ఎవరు? నాలుగు నెలలు ఆ గడియారాన్ని ఒంటికి కట్టుకొని నడిచింది నేను. దాంట్ల పారిన కరెంటు నా మడిమెలది. నేను సున్ననా?

దొరల గడి కూడ తనకు తానే నిలబడ్డదని చెప్పుకున్నది. దాని గోడల్ల ఎవరి చెమట కలిసిందో గోడ చెప్పదు. గడియారం కూడ చెప్పదు. అందుకే నేను చెప్తున్న.

మాది చెల్పూర్. ఒకప్పుడు వరంగల్ జిల్లా. 2016 అక్టోబర్‌ల జిల్లాలు చేసినప్పటి నుంచి భూపాలపల్లి జిల్లా. మా ఊరి పేరు చెప్తే ఎవలైన అడిగేది ఒక్కటే, థర్మల్ కాడనా అని. కాకతీయ థర్మల్ పవర్ ప్రాజెక్టు. 2010ల 500 మెగావాట్ల యూనిటు, 2016ల 600 మెగావాట్ల యూనిటు, మొత్తం 1,100. మొదటి యూనిటు తిరిగినప్పుడు నేను నాలుగో తరగతి. పొగగొట్టం చూసుకుంటనే పెరిగిన. అసుంటి ఊళ్లె పుట్టిన పిల్లకు ఒక్క సంగతి ఎవరూ నేర్పకుండనే తెలుస్తది. కరెంటు ఉత్తగ రాదు. ఏదో ఒకటి కాలాలె. భూపాలపల్లి బాయిల కాడి నుంచి బొగ్గు రావాలె. ఆ బొగ్గు కోసం ఎవడో ఒకడు భూమి లోపటికి దిగాలె. బాయిలర్ల మండాలె, నీళ్లు ఆవిరి కావాలె, ఆవిరి టర్బైను తిప్పాలె, అప్పుడు గని తీగల పారదు. మిగిలిన బూడిద ఎక్కడో ఒక దగ్గర పడాలె. చెల్పూర్‌ల ఏ ముసలవ్వనైన అడుగుండ్రి, థర్మల్‌కు బయటి శక్తి సున్న అంటే నవ్వుతది. ఇంజనీరింగు చదివినోళ్లకు మాత్రం ఆ మాటకు నవ్వు రాదు.

నేను సాంఘిక సంక్షేమ గురుకులంల చదివిన. 2014 మేల మా గురుకులాల పిల్లలే, మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్, ఎవరెస్టు ఎక్కిండ్రు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు కూడ నిండలేదు. ఒకరు గిరిజన బిడ్డ, ఒకరు దళిత బిడ్డ. ఆ రోజు మా హాస్టల్ల పిల్లలు బకెట్లు డప్పులు చేసి కొట్టిండ్రు. గుట్టలెక్కుడు ఎవరి సరదానో, ఎవరి సొత్తో అని నాకెవరూ నేర్పనక్కర లేదు. గుట్ట ఎక్కే దమ్ము మాకు లేదని ఎవడన్నా అంటే, అంతకంటే ఎత్తు గుట్ట లోకంల ఇంకొకటి లేదు, చెప్పుండ్రి వాడికి.

ఫైనలియర్ ప్రాజెక్టుకు మేం నలుగురం. ముగ్గురు మొగపిల్లలు, నేను. వాళ్ల ఇంటిపేర్లు వింటేనే ఊళ్లె ఎన్నెకరాలో తెలిసిపోతది. నా ఇంటిపేరు వింటే వాడ తెలుస్తది. కాలేజీ పేరు, సారు పేరు ఇక్కడ రాయను. ఇది ఒక్క కాలేజీ ముచ్చట కాదు. ఏ కాలేజీల చదివిన దళిత పిల్లనైన, పిల్లగాన్నైన అడుగుండ్రి, ల్యాబుల టేబుల్ చుట్టు నలుగురు కూసుంటే ఎవరి ముంగట కీబోర్డు ఉంటది, ఎవరి ముంగట సోల్డరింగు పుల్ల ఉంటదని.

గడియారం సంగతి కొంచెం చెప్పాలె. ఇది కొత్త ఆలోచన కాదు. జపానుల సెయికో కంపెనీ 1988ల చెయ్యి ఊపితే నడిచే క్వార్ట్జ్ గడియారం అమ్మకానికి పెట్టింది. 1998ల ఒంటి వేడితోటి నడిచేది తెచ్చింది. 2012ల ఎండతోటి నడిచి, జీపీఎస్ ఉపగ్రహాల నుంచి టైము దిద్దుకునేది తెచ్చింది. 2016ల అమెరికాల మ్యాట్రిక్స్ అనే చిన్న కంపెనీ ఒంటి వేడి మీద నడిచే స్మార్ట్ గడియారం చేస్తమని ముందుకొచ్చింది. మా ముగ్గురు ఇవి చూసి, ఒంటివేడి మీదనే జీపీఎస్ నడిపిద్దమన్నరు. కోఠి గుజరాతీ గల్లీ పోయి పెల్టియర్ బిళ్ల కొనుక్కొచ్చిండ్రు. అది ఒక దిక్కు వేడి, ఒక దిక్కు సల్ల ఉంటే కరెంటు పుట్టిస్తది. సీబెక్ అనే ఆయన 1821ల కనిపెట్టిన సంగతి.

లెక్క చేసింది నేను. ముల్లు తిరిగే మామూలు క్వార్ట్జ్ గడియారం ఒక మైక్రోవాటుతోటి బతుకుతది. మేం కొన్న జీపీఎస్ మాడ్యూలు 40 మిల్లీ ఆంపియర్లు గుంజుతది. 3.3 వోల్టులకు లెక్కేస్తే 130 మిల్లీవాట్లు. అంటే గడియారానికంటే లక్ష రెట్ల మీద. ఎందుకంత? ఉపగ్రహం 20,200 కిలోమీటర్ల మీద ఉంటది. అంత దూరం నుంచి వచ్చే సప్పుడు శానా సన్నగ ఉంటది. దాన్ని చెవి పెట్టి వినాలె, నాలుగింటిని వినాలె, లెక్క కట్టాలె. సల్లగ పడుకున్న మాడ్యూలును లేపి 'నేనెక్కడున్న' అని అడిగితే అరనిమిషం పడ్తది. అంటే దగ్గర దగ్గర నాలుగు జౌళ్ల శక్తి. మణికట్టు మీద ఇంత బిళ్ల పెడితే ఒంటివేడి నుంచి వచ్చేది మూడు వందల మైక్రోవాట్లు, అది కూడ మంచిగ వస్తే. భాగించుండ్రి. ఒక్కసారి చోటు చెప్పాలంటే మూడున్నర గంటలు ఆగాలె. గుట్ట మీద తప్పిపోయినోడు మూడున్నర గంటలు గడియారం దిక్కు చూసుకుంట కూసోవాలె! ఎండకాలం అయితే ఇంకా అన్యాయం. మా దగ్గర మే నెలల గాలికీ ఒంటికీ వేడి తేడానే ఉండదు. సల్లటి దేశాలల్ల పుట్టిన ఆలోచనను భూపాలపల్లి ఎండల పెడితే అది బిళ్ల కాదు, ఉత్త పెంకు.

ఈ లెక్క చూపిస్తే సారు ఏమన్నడు? "లెక్క సరే గని అమ్మా, నువ్వు పట్టీ సంగతి చూడు. మీ ఇంట్ల తోలుపని చేస్తరు కదా."

ఇట్లనే పంచుకున్నరు పని. కోడు ఒకరికి, సర్క్యూటు ఒకరికి, స్టేజీ మీద మాట్లాడుడు ఒకరికి. తోలు పట్టీ నాకు. ఒంటికి కట్టుకొని నడిచి చూసుడు నాకు. ఎందుకంటే "నీకు అలవాటే కదా". అంబేడ్కర్ 1936ల 'కులనిర్మూలన'ల పని పంపకం గురించి ఏం వాదించిండో అది మా ల్యాబు టేబుల్ మీద పరిచినట్టు కనపడ్డది. నాకు ఈసీఈల వచ్చిన మార్కులు వాళ్ల ముగ్గురి కంటే తక్కువ కాదు. గని మార్కుల కంటే ముందు పుట్టుక వచ్చి కుర్చీల కూసున్నది. మెరిట్, మెరిట్ అని మమ్ముల సావగొట్టేటోళ్లు ఒక్కసారి ల్యాబులకొచ్చి మెరిట్ ఎక్కడ కూసుంటదో చూడాలె.

నడిచిన. హనుమకొండ నుంచి భూపాలపల్లి బస్సు ఎక్కితే పరకాల దాటినంక రేగొండ వస్తది. ఆ పక్కన తిరుమలగిరి కాడ పాండవుల గుట్టలున్నయి. రాతిగూళ్లల్ల ఆదిమ మనుషులు గీసిన రంగుబొమ్మలు 1990ల లోకానికి తెలిసినయి. ఇప్పుడు హైదరాబాదు నుంచి ట్రెక్కింగుకు, తాళ్లు పట్టుకొని బండలెక్కుటానికి పిల్లలొస్తరు. మంచిదే. పాండవులు వచ్చిండ్రో రాలేదో నాకు తెల్వదు గని, బొమ్మలు గీసినోళ్లు వచ్చిండ్రు, గొడ్లు కాసినోళ్లు వచ్చిండ్రు, కట్టెలు మోసినోళ్లు వచ్చిండ్రు. గుట్ట పేరుల వాళ్లెవరూ లేరు. నడిచినోడు ఒకడు, పేరు ఒకనిది. గుట్ట పేరు కాడనే మొదలైంది మా గడియారం కత.

ఆ నాలుగు నెలల్ల నాకు మా ఇంటోళ్ల నడక అంత యాదికొచ్చింది. వెట్టి కాలంల మా ముత్తాత దొర కచ్చురం ముంగట ఉరికెటోడట. కచ్చురం ఇంకో ఊరి పొలిమేర దాటిందాంక ఉరకాలె, అక్కడ ఆ ఊరి మాదిగోడు అందుకోవాలె. తాలూకాకు కాయితాలు మోసుడు, వచ్చిన సర్కారోళ్ల మూటలు మోసుడు, అంత కాలి మీదనే. బొడ్రాయి పండుగకు రాత్రిపూట ఊరి చుట్టు పొలి చల్లుకుంట తిరిగింది మా తాత. వెనకకు మర్రి చూడొద్దంటరు. దీపం లేకుండ, ఏ వాగు కాడ ఎల్ల మలుగుతదో, ఏ రాయి కాడ ఊరు అయిపోతదో పాదానికి తెలువాలె. చెప్పుండ్రి, ఉపగ్రహాలు లేని కాలంల ఊరికి జీపీఎస్ ఎవరు? ఊరి నాలుగు దిక్కుల కొలత మా కాళ్లల్ల ఉన్నది. పట్టా పాసుబుక్కు మాత్రం వేరేటోళ్ల పెట్టెల ఉన్నది. మాకు దక్కింది లావణి పట్టా, అది కూడ దక్కినోళ్లకు.

ఇంకొక సంగతి. ఊరందరికి చెప్పులు కుట్టింది మేం. పెద్దకులాల వాకిండ్ల ముంగట నుంచి పోయేటప్పుడు మా నాయినమ్మ చెప్పులు చేతుల పట్టుకొని నడిచింది. తన మొగడు కుట్టిన చెప్పులు, తన కాళ్లకు ఉండొద్దు. మడిమె మండుతుంటె చేతుల చెప్పులు మోసుడు ఎట్లుంటదో ఏ యంత్రం కొలుస్తది?

ఇగ మడిమె కాడికి వస్త. పట్టీ కోసం మా చిన్నాయిన కాడికి పోయిన. ఆయన ఊళ్లె మిగిలిన ఆఖరు తోలుపనోడు. ఆరె, రంపె, గూటం ఇంకా ఇంట్ల ఉన్నయి. లంద ఎప్పుడో పూడిపోయింది, తోలు ఇప్పుడు బజార్ల కొంటడు. గడియారం సంగతి చెప్తే చెయ్యి అటిటు మలిపి చూసి, "చేతిల ఏమున్నది బిడ్డా, బరువంత కాలుమీద కదా" అన్నడు. మూలకున్న పాత చెప్పుల జత తెచ్చి బోర్లేసిండు. మడిమె బయటి అంచు కాడ అట్ట అరిగి సన్నగైంది. నడుమ మంచిగనే ఉన్నది. "మనిషి బలమంత ఈడ పడ్తది. చెప్పు ముందుగాల ఈడనే సస్తది. నీ బిళ్లలేవో ఈడ పెట్టు."

యాభై ఏండ్లు చెప్పులు బోర్లేసి చూసిన మనిషి మాట అది. నేను పుస్తకాలు తిరగేస్తే తర్వాత దొరికింది. 1996ల థాడ్ స్టార్నర్ అనే అమెరికా పరిశోధకుడు లెక్క కట్టిండు. 68 కిలోల మనిషి సెకనుకు రెండడుగుల చొప్పున నడిస్తే మడిమె పడుటల 67 వాట్ల శక్తి ఉంటదని. అంత తీసుకుంటే మనిషి నడవలేడు, అది వేరే. గని మణికట్టుల మైక్రోవాట్లు ఎక్కడ, మడిమెల వాట్లు ఎక్కడ! ఇంకో లెక్క కూడ కట్టుకున్న, ఎవరూ అడగకున్నా. మా చెల్పూర్ థర్మల్ 1,100 మెగావాట్లను 67తోటి భాగిస్తే కోటి అరవై నాలుగు లక్షల మంది నడక. వెట్టి నడిచిన మా తరాలన్నిటిని నిలబెడితే ఎన్ని థర్మళ్లయితయో మీరే లెక్క కట్టుండ్రి.

1998ల అమెరికాల ఎంఐటీ మీడియా ల్యాబోళ్లు బూట్ల అడుగున పీజో పట్టీలు పెట్టి ఒకటి రెండు మిల్లీవాట్లు తీసిండ్రు. నొక్కితే కరెంటు పుట్టే పదార్థం అది, గ్యాసు లైటర్ల ఉండేదే. వాళ్లు దానికి పెట్టిన పేరు చూడుండ్రి. పారసైటిక్ పవర్. పరాన్నభుక్కు కరెంటు! ఇంకొకని ఒంటి మీద బతికే కరెంటు. సెల్ఫ్ అనలేదు వాళ్లు. ఎవని మీద పడి తింటున్నదో పేరుల పెట్టిండ్రు. మన దగ్గర అదే పని చేసి స్వయంశక్తి అంటరు. ఈ దేశంల పరాన్నభుక్కు తనను తాను ఎన్నడు పరాన్నభుక్కు అనుకోలేదు కదా, గడియారం మాత్రం ఎందుకు అనుకుంటది?

సారుకు చెప్పిన. బిళ్లలను మడిమె కింద, బయటి అంచుకు పెడదమని. కరెంటును చెప్పు వారుకు కుట్టిన చిన్న సంచిల సూపర్ కెపాసిటర్ల నింపుదమని, కూసున్నప్పుడు గడియారానికి వైరు తగిలిద్దమని. ముగ్గురూ నవ్విండ్రు. సారు కూడ నవ్విండు. "మళ్ల చెప్పుల కాడికే తెచ్చినవా అమ్మా" అన్నడు.

ఆ నవ్వు మీకు తెల్సు. ఇది చదివే చాలామందికి తెల్సు. తిట్టు కాదది, కేసు పెట్టే మాట కాదది. ఎస్సీ ఎస్టీ చట్టంల ఏ సెక్షనుకు అందదు. గని ఆ ఒక్క నవ్వుతోటి ఇంజనీరును మళ్ల ఊళ్లకు తోలి, వాడల కూసోబెట్టి, ముంగట చెప్పుల కుప్ప పోస్తడు.

చిన్నాయినతోటి నేనే చేయించిన. రెండు మందపు అట్టల నడుమ పది రూపాయల బజర్ బిళ్లలు, బొటనవేలి ఉంగటం కాడి నుంచి వారు లోపట దాచిన వైరు. తొడిగి పాండవుల గుట్టలు ఎక్కిన, దిగిన. చెమటకు, నీళ్లకు రెండుసార్లు చెడిపోతే రెండుసార్లు చిన్నాయిన విప్పి కుట్టిండు. రెండు మిల్లీవాట్లు వచ్చినయి. ఒంటివేడి బిళ్ల మూడున్నర గంటలకు చెప్పే చోటు ఇది అరగంట నడకకు చెప్పింది. మాడ్యూలును పూర్తిగ పడుకోనియ్యకుండ, కొద్దికొద్దిగ లేపుకుంట పోతే మూడు నాలుగు నిమిషాల నడకకు ఒక పాయింటు. అంకెలు చూపెట్టిన రోజు ఎవరూ నవ్వలేదు.

తర్వాతి సంగతి ఊహించుడు కష్టం కాదు. 2021ల విద్యాసంస్థలకు పేటెంటు ఫీజు 80 శాతం తగ్గించిండ్రు. ర్యాంకింగుల లెక్కల్ల పేటెంట్లకు మార్కులుంటయి. కాలేజీలు పేటెంట్ల మీద పడ్డయి. పేటెంటు ఆఫీసు ప్రతి శుక్రవారం అచ్చేసే జర్నల్‌ల మా గడియారం వచ్చింది. పేరుల ఇంగ్లీషుల 'పాదరక్షలతో జత చేసిన శక్తి సేకరణి' అని ఉన్నది. చెప్పు అంటే నామోషి గదా, పాదరక్ష అయింది. కనిపెట్టినోళ్ల జాబితల సారు, సారు పైన సారు, ముగ్గురు మిత్రులు. నా పేరు లేదు. ప్రాజెక్టు రిపోర్టు ఆఖరు పేజీల ఉన్నది, కృతజ్ఞతల కింద: పట్టీ తయారీకి, నడక పరీక్షలకు. చిన్నాయినకు అది కూడ లేదు.

అడిగితే "ఐడియా అనేది టీముది" అన్నరు. నవ్వినప్పుడు నాది, నడిచినప్పుడు టీముది. "ప్రతిదాంట్ల కులం తెస్తవెందుకు" అన్నడు మిత్రుడొకడు. తోలుపట్టీ నాకిచ్చిన రోజు కులం ఎవరు తెచ్చిండ్రో ఆయనకు యాదికి లేదు.

ఇంతతోటి అయిపోతే ఇది నా ఒక్కదాని గోస. గని గడియారం అక్కడ ఆగలేదు. గుట్టలెక్కేటోళ్లు ఎందరున్నరు, మార్కెట్టు చిన్నది అన్నడు సారు. అసలు మార్కెట్టు మునిసిపాలిటీలు అన్నడు. సఫాయి కార్మికుల చేతికి కడితే ఎవరు ఎక్కడ ఊడుస్తున్నరో ఆఫీసర్ల కూసొని చూడొచ్చు. ఒక సిమ్ము పెడితే చాలన్నడు.

ఇది ఆయన కల కాదు. నాగపూర్‌ల, చండీగఢ్‌ల, పంచకులల సఫాయి కార్మికుల చేతులకు జీపీఎస్ గడియారాలు ఇదివరకే కట్టిండ్రు. 2020ల చండీగఢ్ కార్మికులు దాని మీద రోడ్డెక్కిండ్రు. ఆ కార్మికులది ఏ కులమో నేను చెప్పాల్నా? ఉపాధి పని కాడ 2023 జనవరి నుంచి దేశమంత మొబైల్ హాజరు. దినానికి రెండుసార్లు ఫొటో, చోటుతోటి సహా. మా అవ్వ తట్ట పట్టుకొని ఆ ఫొటోల నిలబడ్తది. గుట్ట ఎక్కే బాబు చేతికి గడియారం తొవ్వ చూపెడ్తది. ఊడ్చే మా అవ్వ చేతికి అదే గడియారం కావలి కాస్తది. ఒకే ఉపగ్రహాలు, ఒకే చిప్పు, రెండు కులాలు.

ఇక్కడ ఒక సాంకేతిక ముచ్చట ఉన్నది, విద్యార్థులు పట్టించుకోవాలె. జీపీఎస్ రిసీవరు వింటది, చెప్పదు. ఉపగ్రహం మాట విని నీ చోటు నీకు చెప్తది. నీ చోటు ఇంకొకనికి చెప్పాలంటే సిమ్ము కావాలె, టవరుకు కేక పెట్టాలె. జీఎస్ఎం ఫోను ఆ కేకకు రెండు వాట్ల దాక ఖర్చు పెడ్తది. మడిమె ఇచ్చేది రెండు మిల్లీవాట్లు. వెయ్యి రెట్ల తేడా. అంటే నడకతోటి నిండే గడియారం సహజంగనే దొర చెవుల ఊదలేదు. నడిచేటోనికి మాత్రమే చెప్తది. దాన్ని కావలికుక్కను చెయ్యాలంటే బ్యాటరీ పెట్టాలె, రోజు చార్జింగు పెట్టాలె. అప్పుడు పోస్టరు మీది స్వయంశక్తి కూడ పోతది. సారు పోగొట్టుకుంటానికి సిద్ధమే. నేను కాదన్న. సిమ్ము పెట్టే పని చెయ్యనని రాసిచ్చిన. ఇంటర్నల్ మార్కుల సంగతి ఇక్కడ వద్దు.

నా సోపతి కామ్రేడ్లు ఒక ప్రశ్న అడుగుతరు. చెప్పులు, లంద, ఆరె, రంపె అని కులవృత్తిని నెత్తికెత్తుకుంటున్నవు, అంబేడ్కర్ వాటిని వదిలిపెట్టుమన్నడు కదా అని. నిజమే అన్నడు. నేను చిన్నాయినను మళ్ల లందల దిగుమంటలేను. కంచ ఐలయ్య 'పోస్ట్ హిందూ ఇండియా' (2009)ల మాదిగలను అట్టడుగు శాస్త్రవేత్తలన్నడు. ఆయన మా వరంగల్ జిల్లా మనిషే, నాకు గౌరవమే. గని నాకు ఆ బిరుదు సరిపోదు. బిరుదు అంటే దండ. మెడల దండ వేసి పేటెంటుల పేరు తీస్తే ఏం చేసుకోవాలె? తంగేడు చెక్కల ఏ గుణం ఉంటే తోలు కుళ్లదో మా పెద్దలకు తెలిసింది. ఆ తెలివికి కూలి దొరకలేదు, పేరు దొరకలేదు, కంపు మాత్రం అంటగట్టిండ్రు. నాకు కావాల్సింది పొగడ్త కాదు, జాబితల వరుస నంబరు. వృత్తి పోవాలె. తెలివి లెక్కకు రావాలె. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

అందుకే చట్టం చదివిన. 1970 పేటెంటు చట్టం, ఆరో సెక్షన్ అసలైన తొలి కనిపెట్టినోని గురించే మాట్లాడుతది. 28వ సెక్షన్ కింద, పేటెంటు ఇయ్యకముందే, కనిపెట్టింది నేను, నా పేరు పెట్టుండ్రని దరఖాస్తు పెట్టుకోవచ్చు. 25(1) కింద, వేరేటోళ్లది అన్యాయంగ తెచ్చుకున్నరని పేటెంటు రాకముందు ఎవరైనా అడ్డం చెప్పొచ్చు. ల్యాబు నోటుబుక్కుల తేదీ వేసి రాసుకున్నది, ఫోనుల దిగిన ఫొటోలు, సారుకు పంపిన మెయిలు, అన్ని సాక్ష్యాలే. మన పిల్లలకు స్కాలర్‌షిప్ ఫారం నింపుడు నేర్పినట్టు ఇది కూడ నేర్పాలె. ప్రాజెక్టు మొదటి రోజే ఎవరు ఏ పని చేస్తున్నరో రాసి నలుగురితోటి సంతకం పెట్టించుకోవాలె. సంతకం పెట్టనంటే అక్కడనే తెలిసిపోతది.

నేను రెండు పేర్లు రాసిన, నాది, చిన్నాయినది. చిరునామా ఇద్దరిదీ ఒక్కటే, మాదిగవాడ, చెల్పూర్. సంతకానికి కాయితాలు పట్టుకొని పోతే చిన్నాయిన అడిగిండు.

"పైసలొస్తయా బిడ్డా?"

"రావు చిన్నాయినా. ఇప్పుడైతే మనమే పెట్టుకోవాలె."

ఆయన కాసేపు ఏమనలేదు. ఫోనుల ఉన్న వాళ్ల పేటెంటు బొమ్మ చూపెట్టుమన్నడు. వేళ్లతోటి పెద్దగ చేసి చూసిండు. చెప్పు అట్ట, మడిమె, బిళ్ల, వైరు, అన్నిటికీ నంబర్లేసి గీసిన బొమ్మ.

"బిళ్లను నడుమ పెట్టిండ్రు" అన్నడు. "అరుగుడు నడుమ ఉంటదా? బయటి అంచుకు ఉంటది. ఎత్తుకపోయేటప్పుడన్న చెప్పు తిప్పి చూడలేదు. ఇది గూడ రాయి బిడ్డా దాంట్ల."

రాసిన.